రొయ్య తేలితే వల కడతామా?

భీమవరంలో బైకు యాక్సెసరీల షాపు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, ఈ సంభాషణ చెవిన పడుతుంది. "ఎనభై దాటితే హ్యాండిల్ ఊగుతోందన్నా" అంటాడు ఒక కుర్రాడు. "డ్యాంపర్ వేయించెయ్ తమ్ముడూ, గోడలా నిలబడుద్ది" అంటాడు కౌంటర్ మీది అన్న. ఆ కుర్రాడు డ్యాంపర్‌తో ఆగడు. లావుపాటి వెనక టైరు, ఉరిమే సైలెన్సర్, కళ్లు చెదిరే ఎల్ఈడీ లైట్లు, లెగ్ గార్డు, పొట్టి అద్దాలు వరసగా కౌంటర్ మీదికి వస్తాయి. బిల్లు కట్టి బండెక్కేసరికి అతనికి ఒక ధీమా వస్తుంది. కంపెనీవాడు అరకొరగా వదిలేసిన బండిని తాను పూర్తి చేశాననే ధీమా.

ఆ ధీమా వెనక ఒక సిద్ధాంతమే ఉంది. ఉండి రోడ్డు నుంచి పాలకొల్లు రోడ్డు దాకా, ఇంజనీరింగ్ కాలేజీ పార్కింగుల నుంచి ఆదివారం పేరుపాలెం బీచికి వెళ్లే గుంపుల దాకా అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం అది. రేటు తగ్గించడానికి కంపెనీ కొన్ని సామాన్లు ఎగ్గొడుతుందట, వాటిని మనమే బిగించుకుంటే బండి భద్రంగా ఉంటుందట. రేసు బళ్లకు డ్యాంపర్ ఉంటుంది, మన బండి కూడా రేసు బండి లాంటిదే, కాబట్టి మనకూ ఉండాలట. వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా తప్పు.

ఆ తప్పేమిటో చెప్పే ముందు ఒక సంగతి. ఈ ఊళ్లో ప్రతి రొయ్యల రైతుకూ తెలిసిన పాఠం ఒకటుంది. తెల్లవారుజామున చెరువులో రొయ్య పైకి తేలుతోందంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. రైతు పరుగెత్తుకెళ్లి ఏరేటర్లు వేస్తాడు. రొయ్య కంటికి కనపడకూడదని చెరువు మీద వల పరిచే రైతు ఈ డెల్టాలో పుట్టలేదు. బండి హ్యాండిల్ ఊగడం కూడా రొయ్య తేలడం లాంటిదే. కింద ఎక్కడో ఏదో అయిపోయిందని బండి చెబుతోంది. ఆ మాట వినకుండా డ్యాంపర్ బిగించడమంటే చెరువు మీద వల పరవడమే. చెరువు దగ్గర అంత తెలివిగా ఉండే ఇళ్లలోని పిల్లలు బండి దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి గట్టు మీదే వదిలేసి వస్తున్నారు.

అసలు డ్యాంపర్ ఏం చేస్తుంది? బ్యాంకుల్లో గాజు తలుపు పైన ఉండే డోర్ క్లోజర్‌ను చూసే ఉంటారు. లోపల నూనె, నూనెలో ఒక పిస్టన్, నూనె పోవడానికి సన్నటి దారి. మెల్లగా తోస్తే తలుపు కదులుతుంది, విసురుగా తోస్తే ఎదురు తిరుగుతుంది. స్టీరింగ్ డ్యాంపర్ పని కూడా అదే. ఒక కొస బండి ఛాసిస్‌కి, రెండో కొస ఫోర్కుకో హ్యాండిల్‌కో బిగిస్తారు. హ్యాండిల్ నెమ్మదిగా తిరిగితే ఊరుకుంటుంది, ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకోబోతే ఆపుతుంది. మంచి సాధనమే. దానితో నాకు పేచీ లేదు. దాన్ని ఏ బండికి, ఏ రోడ్డు మీద, ఏ జబ్బుకు వాడుతున్నామన్నదే నా పేచీ.

నిజంగా అవసరమైన చోట దాన్ని కంపెనీలే పెట్టాయి. 1997లో సుజుకీ టీఎల్1000ఎస్ అనే వెయ్యి సీసీ బండి వచ్చింది. వేగంలో హ్యాండిల్ విపరీతంగా కొట్టుకుంటోందని గోల పుడితే, అమ్మిన బళ్లను వెనక్కి పిలిచి డ్యాంపర్లు బిగించారు. 2004లో హోండా తన సీబీఆర్1000ఆర్ఆర్‌కు ఎలక్ట్రానిక్ డ్యాంపర్ పెట్టింది. నెమ్మదిగా పోతున్నప్పుడు అది వదులుగా ఉంటుంది, వేగం పెరిగి యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ బిగుస్తుంది. ఆ ఇంజనీర్లు అంత అవస్థ ఎందుకు పడ్డారో మన కౌంటర్ మీది అన్న ఒక్కసారైనా ఆలోచించాడా? డ్యాంపర్ ఎప్పుడూ బిగుతుగా ఉండి ఊరుకుంటే సరిపోయే పనైతే, కంప్యూటర్ పెట్టి దాన్ని వదులు చేయించే ఖర్చు వాళ్లకెందుకు? నెమ్మదిగా వెళ్లేటప్పుడు డ్యాంపర్ చేతికి అడ్డం కాబట్టి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన కుర్రాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి 150 నుంచి 400 సీసీ లోపు బళ్లు. ఆర్15 తీసుకోండి. 155 సీసీ, 18 చిల్లర హార్స్ పవర్, సుమారు 140 కిలోల బరువు. దాన్ని గీసిన ఇంజనీర్ డ్యాంపర్ పెట్టలేదంటే మర్చిపోయి కాదు, పిసినారితనం వల్లా కాదు. యాక్సిలరేటర్ తిప్పినంత మాత్రాన ముందు చక్రం గాల్లోకి తేలేంత గుంజుడు ఆ ఇంజన్‌కు లేదు. ఆ వేగానికి హ్యాండిల్ తనంతట తానే కుదురుకునేలా ఫోర్కు వాలు, చక్రం నేలను తాకే చోటు లెక్క కట్టి పెట్టాడు. ఆ లెక్క సరిగ్గా ఉన్నంత కాలం డ్యాంపర్ అక్కర్లేదు. ఆ లెక్క చెడితే చెడినదాన్ని సరిచెయ్యాలి.

చెడేదేమిటో చూద్దాం. పెళ్లిళ్లలో వడ్డన బండిని తోసినవాళ్లకు ఈ విషయం వివరించక్కర్లేదు. కొత్త బండి మెత్తగా పోతుంది. నాలుగు సీజన్లు తిరిగిన బండిని కాస్త జోరుగా తోస్తే ముందు చక్రం ఒకటి టపటపా కొట్టుకుంటుంది. ఇరుసు వదులైతే చాలు, చక్రం ఊగడం మొదలెడుతుంది. మోటార్‌సైకిల్ హ్యాండిల్ ఊగే వాబ్లింగ్ కూడా ఆ కుటుంబానిదే.

నిరుడు మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్పోర్ట్స్ బండి.

"మావయ్యా, ఒక పన్నెండు వేలు సర్దు. డ్యాంపర్ వేయించాలి."

"ఎందుకురా?"

"ఉండి రోడ్డులో ఎనభై దాటితే హ్యాండిల్ వల్లో చేపలా కొట్టుకుంటోంది. షాపులో చూసి డ్యాంపర్ తప్ప మార్గం లేదన్నారు."

డబ్బివ్వకుండా వాణ్ణి మా పాత మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా ఒకటే రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. సంగతి విని ఆయన నవ్వాడు.

"ఆయ్, డ్యాంపరని ఎవరు చెప్పేరండీ? ముందు చక్రం పైకెత్తుతాను. మీరొక్క వేలితో హ్యాండిల్ తిప్పండి."

తిప్పాను. తిన్నగా ఉండే చోటికి రాగానే హ్యాండిల్ టక్కుమని ఏదో గుంటలో పడినట్టు ఆగింది. తర్వాత ఆయన ఫోర్కుల అడుగు భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. లోపల కటకటమని ఆడింది.

"హ్యాండిల్ మెడలో కోన్‌సెట్టు పోయిందండి. తిన్నటి రోడ్ల మీద తిరిగే బండి కదండీ, బాల్సు ఉన్నచోటే కొట్టుకుని గాడి పెట్టేసేయండి. ఈయనగారు చక్రం లేపడాలూ అవీ కూడా చేత్తారనుకుంటాను."

మేనల్లుడు తల దించుకున్నాడు. ముందు టైరులో గాలి చూస్తే ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. వెనక చక్రం గొలుసు బిగించినప్పుడు ఒక పక్కకు జరిగిపోయి ఉంది. కోన్‌సెట్టు మార్చి, గ్రీజు పట్టించి, గాలి కొట్టి, చక్రం తిన్నగా చేసేసరికి అయిన ఖర్చు వాడడిగిన పన్నెండు వేలలో పావు వంతుకు కూడా చేరలేదు. ఆ సాయంత్రం వాడే ఫోన్ చేసి చెప్పాడు, బండి నిలబడిందని.

ఒకవేళ ఆ రోజు నేను డబ్బిచ్చి ఉంటే ఏమయ్యేది? డ్యాంపర్ ఆ ఊగుడును నిజంగానే కొంత ఆపేది. అసలు ప్రమాదం అదే. పోయిన కోన్‌సెట్టు పోయినట్టే ఉండేది, గాలి తగ్గిన టైరు అలాగే ఉండేది, హెచ్చరిక మాత్రం ఆగిపోయేది. నెలలు గడిచేకొద్దీ లోపల ఇంకా అరిగి, డ్యాంపర్ కూడా ఆపలేని రోజున బండి ఏ తొంభై మీదో ఒక్కసారిగా చెప్పేది. వాబ్లింగ్‌ను మందుతో నొక్కిపెట్టినవాడికి ఆ రోజు ముందస్తు కబురు ఉండదు.

మన ప్రాంతంలో ఈ భాగాలు త్వరగా పోవడానికి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. నల్లరేగడి మట్టి కట్టల మీద వేసిన రోడ్లు కుంగుతాయి, తారు కింద అలల్లా లేస్తాయి. ఆ అల అలకీ ముందు చక్రం దెబ్బ తింటుంది. రొయ్యల లారీలు, చేపల వ్యాన్లు రోడ్డంతా ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోతాయి. సముద్రపు గాలి సరేసరి. వీటి మీద వారం వారం వాటర్ సర్వీసింగ్ ఒకటి. ప్రెషర్ పైపును సరిగ్గా హ్యాండిల్ మెడ మీదికే పెట్టి కొడతారు. బురద పోయిందని మనం సంతోషిస్తాం. లోపల గ్రీజు కూడా పోయిందని ఎవరూ చెప్పరు. ఇన్ని దెబ్బలు తినే బండికి ముందు కావలసింది ఏటా ఒకసారి హ్యాండిల్ మెడ విప్పి కొత్త గ్రీజు పట్టించడం. అది ఏ షాపు అద్దాల బీరువాలోనూ వేలాడదు కాబట్టి ఎవరూ అడగరు.

సైన్సు కూడా డ్యాంపర్ భక్తుల పక్షాన లేదు. 1971లో బ్రిటన్‌కు చెందిన రాబిన్ షార్ప్ అనే ఇంజనీర్ మోటార్‌సైకిల్ స్థిరత్వం మీద ఒక పరిశోధన పత్రం రాశాడు. ఈ రంగంలో ఈనాటికీ అందరూ అక్కడి నుంచే మొదలెడతారు. బండికి రెండు రకాల ఊగుళ్లు ఉన్నాయని ఆయన విడమరచి చూపాడు. ఒకటి ముందు చక్రం మాత్రమే గబగబా కొట్టుకునేది, మనవాళ్లు వాబ్లింగ్ అనేది. రెండోది బండి మొత్తం, వెనక భాగంతో సహా, పడవలా నిదానంగా అటూ ఇటూ ఈదేది. స్టీరింగ్ డ్యాంపర్ మొదటిదాన్ని తగ్గిస్తుంది. కానీ వేగం ఎక్కువగా ఉన్నప్పుడు రెండోదాన్ని పెంచుతుంది. వెనక చక్రం వంకరగా ఉండి, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగి, వెనక ఇద్దరిని ఎక్కించుకుని పోయే బండికి వచ్చేది ఆ రెండో జబ్బే. దానికి డ్యాంపర్ బిగిస్తే జ్వరానికి వేడినీళ్ల స్నానం చేయించినట్టు.

ఇక్కడ అవతలి పక్షంవారి గట్టి వాదాన్ని కూడా వినాలి. "సరే, కోన్‌సెట్టూ మారుస్తాం, డ్యాంపరూ పెట్టుకుంటాం. వెయ్యిలో ఒకసారైనా పనికొస్తుంది కదా. ఉంటే నష్టమేంటి?" అంటారు. ఇది తేలిగ్గా తీసిపారేసే వాదం కాదు, అందుకే జవాబు కూడా నిదానంగా చెప్పాలి.

చిన్న బళ్లకు డ్యాంపర్ కోసం కంపెనీ వదిలిన తావు ఉండదు. కాబట్టి ఫోర్కుకు ఒక క్లాంపు, ఛాసిస్‌కి ఒక బ్రాకెట్ అని అమర్చి బిగిస్తారు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు డ్యాంపర్ రాడ్డు ముందే ఆఖరికి చేరితే, హ్యాండిల్ అక్కడే ఆగిపోతుంది. బజారులో ఆటోకు, ఆవుకు మధ్య సందులోంచి తిప్పుకోవాల్సిన చోట అర అంగుళం తక్కువ తిరిగితే పడిపోతాం. క్లాంపు బోల్టు వదులైతే ఇంకా దారుణం, హ్యాండిల్ ఒక పక్కకు ఇరుక్కుపోతుంది. నూనె సీలు కారితే ఒక పక్క బిగుతు, ఒక పక్క వదులు. పేరు లేని కంపెనీల డ్యాంపర్లలో నాబ్ తిప్పితే లోపల ఏం మారుతుందో అమ్మేవాడికీ తెలియదు. నెమ్మదిగా పోయేటప్పుడు మనం హ్యాండిల్‌ను తెలియకుండానే సన్నగా అటూ ఇటూ తిప్పుతూ నిలబెడతాం. బిగుతుగా పెట్టిన డ్యాంపర్ ఆ సన్నటి కదలికనే అడ్డుకుంటుంది. భీమవరంలో ఒక బండి రోజులో ఎక్కువ సేపు ఏ వేగంలో ఉంటుంది? ప్రకాశం చౌకులో, రైల్వే గేటు దగ్గర, కాలేజీ బస్సుల వెనక ఇరవై, ముప్ఫైలో. రోజంతా జరిగే నష్టాన్ని కొనుక్కుని, వెయ్యిలో ఒకసారి వచ్చే లాభానికి ఎదురు చూడడం లెక్క కాదు.

ఆ వెయ్యిలో ఒకసారి అన్న మాటకు కూడా అసలు లెక్క ఉంది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసర్ బృందం లాస్ ఏంజెల్స్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. 1981లో ఆ నివేదిక వచ్చింది. పాతదే, దేశం వేరే, కానీ అంత ఓపికగా చేసిన పని అరుదు. ప్రమాదానికి ముందు బళ్ల మధ్యస్థ వేగం గంటకు 48 కిలోమీటర్లు, ఢీకొన్న క్షణాన 35కు కాస్త తక్కువ. గంటకు 138 కిలోమీటర్ల దగ్గర జరిగింది వెయ్యిలో ఒకటి. బండిలో లోపం వల్ల జరిగినవి మూడు శాతం కన్నా తక్కువ, వాటిలోనూ ఎక్కువ టైరు పంక్చర్లే. తక్కినవాటిలో ఎక్కువ భాగానికి కారణం ఎదుటివాడికి బండి కనపడకపోవడం, లేదా నడిపేవాడు కంగారులో వెనక బ్రేకు నొక్కేసి, ముందు బ్రేకును పట్టించుకోకపోవడం. అంటే డ్యాంపర్ పనికొచ్చే వేగంలో ప్రమాదాలు జరగడమే అరుదు.

అదే నివేదిక మన కౌంటర్ మీది మిగతా సరుకును కూడా ముందే తూకం వేసింది. సొంతంగా మార్పులు చేసిన బళ్లు ప్రమాదాల్లో తమ సంఖ్యకు మించి ఉన్నాయని అది తేల్చింది. ముందు సంగతి లెగ్ గార్డు. పడిపోతే కాలు విరగదని మన నమ్మకం. చీలమండకు తగ్గే గాయం తొడకు, మోకాలికి, పిక్కకు పెరిగే గాయంతో సరికి సరి అవుతుందని ఆ నివేదిక చెప్పింది. బండికి రంగు గీరుకోకుండా లెగ్ గార్డు కాపాడుతుంది. కాలిని కాపాడుతుందని మాత్రం చెప్పకండి.

సైలెన్సర్‌ది మరీ వింత వాదం. పెద్ద మోత ఉంటే అందరూ తప్పుకుంటారు, అదే భద్రత అంటారు. మోత పైపులోంచి వెనక్కి పోతుంది, ప్రమాదం ముందు నుంచి వస్తుంది. ఎదురొచ్చే ట్రాక్టర్ వాడికి తన ఇంజన్ మోతలో మీది వినపడదు. వినపడేది ఎవరికంటే, గునుపూడిలో సోమేశ్వరుడి గుడి మెట్ల మీద కూర్చున్న ముసలమ్మకి, అర్ధరాత్రి ఆసుపత్రి వార్డులో నిద్రపట్టక పడుకున్నవాడికి. వాళ్లెవరూ మీ దారికి అడ్డం రారు. పైగా చట్టం ఉంది. శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారే మూడు నెలల దాకా జైలు లేదా రూ. 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చుకునే హక్కు యజమానికి లేదని చెప్పింది. అదే ఏడు చేసిన సవరణతో అలాంటి మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా వచ్చాయి. ఊళ్లలో పోలీసులు సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించే ఫొటోలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. వేలు పోసి కొన్నది రోలర్ కిందికి పోయే ముందు ఎవరినీ కాపాడినట్టు దాఖలా లేదు.

ఎల్ఈడీ లైట్ల సంగతి మన డెల్టాలో ప్రత్యేకంగా చెప్పాలి. కాలువ గట్ల మీది రోడ్లు ఒంటి వరస. ఒక పక్క కాలువ, ఇంకో పక్క బోదె లేదా చెరువు. అంచు గోడ ఉండదు. ఎదురొచ్చే సైకిల్‌వాడి కళ్లలో మీ తెల్లటి లైటు పడితే రెండు సెకన్ల పాటు వాడికి లోకం ఉండదు. ఆ రెండు సెకన్లలో వాడు ఎటు దిగినా నీళ్లే. మీ దారి వెలిగించుకోవడానికి ఎదుటివాడి దారి ఆర్పడం భద్రత కాదు, దౌర్జన్యం.

లావు టైరు కథా ఇంతే. మొదటి ఆర్15కు ముందు 80/90, వెనక 100/80 సైజు టైర్లు వచ్చేవి. తర్వాతి మోడళ్లలో కంపెనీయే వెనక టైరును 130కి, ఆ తర్వాత 140కి పెంచింది. దాన్ని చూసి మనవాళ్లు పాత బళ్ల సన్నటి రిమ్ములకు 140 టైరు ఎక్కిస్తున్నారు. కంపెనీ టైరు మార్చినప్పుడు రిమ్మూ మార్చింది, స్వింగ్ ఆర్మూ మార్చింది. సన్నటి రిమ్ము మీద లావు టైరు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. తిన్నగా వెళ్తుంటే తేడా తెలియదు. కాలువ మలుపు దగ్గర బండి వాల్చాలంటే ఒకసారి మొరాయిస్తుంది, ఒకసారి ఉన్నట్టుండి పడుతుంది. చివరికి హ్యాండిల్ ఊగుతోందని మళ్లీ అదే షాపుకు వస్తారు. అప్పుడేం అమ్ముతారో మొదట్లోనే చెప్పాను.

బిగించేవాటి సంగతి ఇలా ఉంటే, పీకేసేవాటి సంగతి చూడండి. కొత్త బండి ఇంటికి రాగానే మొదట ఊడేది చీర గార్డు, తర్వాత వెనక కూర్చునేవాళ్ల పట్టు కడ్డీ, ఆ తర్వాత కంపెనీ అద్దాలు. "లుక్కు పోతుంది" అంటారు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు, పట్టుకోవడానికి పిడి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. అమ్మ చీర కొంగు, చెల్లెలి చున్నీ చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో ఆ నిబంధన రాసినవాళ్లకు తెలుసు. డబ్బు అడక్కుండా కంపెనీ ఇచ్చిన రక్షణను పాత ఇనుముకు వేసి, రక్షణ పేరుతో డ్యాంపర్ కొనే మనిషిని ఏమనాలో పాఠకులే నిర్ణయించాలి.

ఈ మాటలన్నీ విని కొందరు పెద్దవాళ్లు సంతోషిస్తారని నాకు తెలుసు. "అందుకే స్పోర్ట్స్ బళ్లే వద్దన్నాం. మా రోజుల్లో ఆర్ఎక్స్100 ఉండేది, చక్కగా నడిపాం" అంటారు. వాళ్ల పక్షానా నేను లేను. ఆర్ఎక్స్100 నేనూ నడిపాను. 1985 నుంచి 1996 దాకా మన రోడ్లను ఏలిన ఆ బండికి రెండు వైపులా డ్రమ్ము బ్రేకులే. వాన పడ్డ రోజున బ్రేకు నొక్కాక ఆగుతుందా లేదా అన్నది దేవుడి దయ. ఈనాటి కుర్రాడి బండికి డిస్కులున్నాయి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరైంది. తడి రోడ్డు మీద కంగారుగా బ్రేకు నొక్కినా ముందు చక్రం బిగుసుకుపోదు. బండి మా రోజుల కంటే ఎన్నో రెట్లు మంచిది. చెడ్డది మన నమ్మకం. పిల్లవాడి బండి మీద విసుక్కునే తండ్రి వాడి టైర్లో గాలి ఎంతుందో ఎప్పుడైనా అడిగాడా? వంద ఎకరాల చెరువు నీళ్లలో ఆక్సిజన్, అదే డీఓ, ఎంతుందో నిద్రలో అడిగినా చెప్పే మనిషికి ఈ చిన్న అంకె ఎందుకు తెలియలేదు?

డ్యాంపర్ ఎప్పటికీ వద్దని నేననను. వెయ్యి సీసీ స్పోర్ట్స్ బళ్లలో చాలావాటికి కంపెనీయే బిగించి ఇస్తుంది. దాన్ని పీకొద్దు, సీలు కారుతుంటే బాగు చేయించుకోండి. చెన్నై దగ్గరో కోయంబత్తూరులోనో రేసు ట్రాక్ మీద నడిపేవారికి, రాళ్లూ గోతుల్లో డర్ట్ బండి తోలేవారికి అది పనిముట్టే. వారు కూడా కోన్‌సెట్టు, టైర్లు, చక్రాల వరస చూసుకున్నాకే దాని జోలికి వెళ్తారు.

ఒక సంఘటన గుర్తు చేస్తాను. 2021 సెప్టెంబర్ 10 రాత్రి హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారి పడింది. ఖరీదైన బండి, మంచి టైర్లు, మంచి బ్రేకులు. రోడ్డు మీద ఇసుక ఉంది. ఇసుక మీద చక్రం జారితే ప్రపంచంలో ఏ డ్యాంపరూ ఆపలేదు, ఎందుకంటే అది హ్యాండిల్‌ను పట్టుకుంటుంది గాని నేలను పట్టుకోదు. తీవ్రంగా గాయపడి, వారాల పాటు ఆసుపత్రిలో ఉండి ఆయన బతికి బయటపడ్డారు. తల మీద హెల్మెట్ ఉంది. మన దగ్గర ఇసుకే కాదు, దాళ్వా కోతల్లో రోడ్డు మీద సగం మేర ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు, లారీ కార్చిన చేపల జిగురు కూడా ఉంటాయి. 2022లో దేశం మొత్తం మీద హెల్మెట్ లేక ద్విచక్ర వాహనాల మీద చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. డ్యాంపర్ లేక చనిపోయినవారి లెక్క ఏ శాఖ దగ్గరా లేదు, అలాంటి పట్టిక వేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

కాబట్టి తమ్ముళ్లకు, వాళ్ల జేబుల్లో డబ్బు పెట్టే తండ్రులకు ఒకటే విన్నపం. ఆ పన్నెండు వేలు ఉంటే మొదట ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్లు రెండు కొనండి, ఒకటి వెనక కూర్చునేవాళ్లకి. తర్వాత ముందు టైరు చూడండి, గీతలు అరిగితే మార్చండి. హ్యాండిల్ మెడ విప్పించి గ్రీజు పట్టించండి. బ్రేకు ప్యాడ్లు, గొలుసు, చక్రాల వరస చూపించండి. ఊడదీసిన చీర గార్డు అటక మీద ఉంటే దించి బిగించండి. ఇన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలితే, హ్యాండిల్ ఇంకా ఊగుతుంటే, అప్పుడు డ్యాంపర్ గురించి మాట్లాడుకుందాం. మా మేనల్లుడు అన్నీ చేయించాక మిగిలిన డబ్బుతో చేతికి గ్లౌజులు కొనుక్కున్నాడు. వాడి హ్యాండిల్ ఇప్పుడు ఊగడం లేదు.